జీవము ఎందుకు? - పంచమీ చతుర్థీ విచారము

తెలుగున "ఎందుకు" అను మాట మిక్కిలి చిన్నది. మాటలు నేర్చుచున్న పసిబిడ్డ తల్లిని విసిగించు ప్రశ్న అదియే. మంచమున బడిన వృద్ధుడు రాత్రివేళ తనలో తాను వేసికొను ప్రశ్నయు అదియే. అయితే ఈ చిన్న మాటలో రెండు ప్రశ్నలు ఒదిగియున్నవి. వాన యెందుకు కురిసినదని యడిగినచో, మేఘము చల్లబడుట వలన అని సమాధానము. రైతు ఎందుకు దున్నుచున్నాడని యడిగినచో, పంట కొఱకు అని సమాధానము. మొదటి ఉత్తరము పంచమీ విభక్తిలో నున్నది. రెండవది చతుర్థిలో నున్నది. ప్రశ్న ఒక్కటే వలె వినబడును గాని ఉత్తరముల త్రోవలు వేఱు.

సంస్కృత వ్యాకరణమున చతుర్థికి తాదర్థ్యము, అనగా ఒకదాని నిమిత్తమై మఱియొకటి యుండుట, ఒక అర్థముగా చెప్పబడినది. దీనికి పాఠశాలలలో పరంపరగా నేర్పు ఉదాహరణములు రెండు: యూపస్తంభమునకై కొయ్య, కుండలమునకై బంగారము. రెండవ యుదాహరణమున వ్యాకరణముతో పాటు ఒక తత్త్వమును ఇమిడియున్నది. కంసాలి బంగారమును ఒరగల్లుపై గీసి వన్నె చెప్పగలడు. త్రాసున తూచి బరువు చెప్పగలడు. కరగించి కల్తీని వేఱు చేయగలడు. ఆ బంగారము ఎవరి చెవికి కుండలము కావలెనో మాత్రము ఒరగల్లు చెప్పదు. అది ఒరగల్లు లోపము కాదు. ఆ పని దానిది కాదు.

జీవము ఎందుకున్నది అను ప్రశ్నయు ఇట్టిదే. ఒక మతమున పుట్టి పెరిగినవానికి ఈ ప్రశ్న చిన్ననాడే సమాధానముతో కూడ లభించును. దేవుడు సృజించుట వలన జీవమున్నది. ఆయన సంకల్పము నెరవేరుట కొఱకు ఉన్నది. "వలన", "కొఱకు" రెండును ఒకే ముడిగా నుండును. కాలక్రమమున ఏదో యొక కారణముచే అతడు ఆ మతమును విడిచినచో సమాధానము జారిపోవును గాని ప్రశ్న జారిపోదు. అప్పుడతడు విజ్ఞానశాస్త్రపు గడప త్రొక్కి, పూర్వము ప్రార్థనామందిరమున అడిగిన ప్రశ్ననే అచ్చట అడుగును. అచ్చట అతనికి దొరకున దేమి, దొరకని దేమి అని విచారించుటకు చార్లెస్ డార్విన్ జీవితము మంచి పాఠము.

1809లో ఇంగ్లండులో జన్మించిన డార్విన్ కేంబ్రిడ్జిలో చదివినది క్రైస్తవ మతాచార్యుడగు తలంపుతోనే. 1831 డిసెంబరులో బీగిల్ అను నౌకలో ప్రయాణమైనప్పటికి అతడు విశ్వాసియే. దాదాపు 5 సంవత్సరముల యాత్రలో చూచిన జంతువులు, వృక్షములు, శిలాజములు అతని యాలోచనను మార్చినవి. జీవజాతులు వేర్వేరుగా సృష్టింపబడినవి కావనియు, ప్రకృతివరణముచే పూర్వజాతులనుండి క్రమముగా పరిణమించినవనియు 1859లో ప్రకటించిన తన మహాగ్రంథమున అతడు ప్రతిపాదించెను.

అయితే అతని విశ్వాసమును సడలించినది శాస్త్రమొక్కటియే కాదు. అవిశ్వాసులకు నిత్యనరకము తప్పదను సిద్ధాంతము అతనికి దుస్సహమైనది; అది నిజమైనచో తన తండ్రియు, సోదరుడును నరకమున నుండవలెను. 1851 ఏప్రిలులో ఆనీ యను పదేండ్ల కుమార్తె వ్యాధిచే కన్నుమూసినది. ఆ శోకము అతనిని జీవితాంతము విడువలేదు. తన విశ్వాసము ఒక్కనాడు తెగిపోలేదనియు, మెల్లమెల్లగా సన్నగిల్లెననియు స్వీయచరిత్రమున అతడే తెలిపియున్నాడు. భార్య ఎమ్మా మాత్రము భక్తురాలుగనే యుండెను. ఆదివారములందు కుటుంబము చర్చికి పోవుచుండ డార్విన్ బయట నడచుచు కాలము గడుపువాడు. తాను దేవుడు లేడనువాడను కాననియు, తనకు అజ్ఞేయవాది యను పేరే తగుననియు 1879లో ఒక లేఖలో వ్రాసెను.

ఇంతకును జాతులు ఎట్లు మారినవో అతని గ్రంథము చెప్పినదే గాని, మొట్టమొదటి జీవము ఎట్లు పుట్టెనో చెప్పలేదు. వెచ్చని చిన్న నీటిగుంటలో అమ్మోనియా, భాస్వర లవణములు, వెలుగు, వేడి, విద్యుత్తు కలిసి జీవమునకు మూలమైన పదార్థము ఏర్పడియుండునేమో యని 1871లో మిత్రుడైన హుకర్ అను వృక్షశాస్త్రజ్ఞునకు వ్రాసిన లేఖలో ఊహ మాత్రము చేసెను. ఆ యూహను 1924లో రష్యాలో ఒపారిన్, 1929లో ఇంగ్లండులో హాల్డేన్ వేర్వేరుగా సిద్ధాంతముగా పెంచిరి. 1953లో అమెరికాలో స్టాన్లీ మిల్లర్ మీథేన్, అమ్మోనియా, ఉదజని, నీటియావిరి గల గాజుపాత్రలో మెఱుపులకు బదులు విద్యుత్తు మిణుగురులను పుట్టింపగా, కొలది దినములలో మాంసకృత్తులకు మూలమైన ఆమినో ఆమ్లములు ఏర్పడినవి. బెన్ను అను గ్రహశకలమునుండి నాసా సంస్థ 2023లో భూమికి రప్పించిన మట్టియందు, జీవులు వాడుకొను 20 ఆమినో ఆమ్లములలో 14 ఉన్నట్లు 2025లో వెల్లడించిరి. జీవమునకు కావలసిన ఇటుకలు ఆకాశమందును కలవని దీనిచే తేలినది. ఇటుకలు దొరకినంతమాత్రమున ఇల్లు కాదు. అచేతన ద్రవ్యమునుండి ఒక జీవకణమును ప్రయోగశాలలో ఇంతవరకు ఎవరును నిర్మింపలేదు.

ఈ "ఇంతవరకు" అను మాటను పట్టుకొని, శాస్త్రము చెప్పలేనిచోటనే దేవుడున్నాడని వాదించు భక్తులు కలరు. ఆ వాదము భక్తికి మేలు చేయదు. రేపు ఆ వెలితి పూడినచో దేవునికి చోటు తగ్గిపోవునా? ఏ ప్రమాణము దాని విషయముననే ప్రమాణమని మన శాస్త్రకారుల సిద్ధాంతము. అగ్ని చల్లనిదని నూఱు శ్రుతులు చెప్పినను అందు అవి ప్రమాణము కాజాలవని శంకర భగవత్పాదులే గీతాభాష్యమున స్పష్టపఱచిరి. ప్రత్యక్షముచే, అనుమానముచే తెలియదగిన దానిని వానిచేతనే తెలిసికొనవలెను. కనుక జీవము దేని వలన పుట్టినదను ప్రశ్నను పరిశోధకులకు విడుచుట శ్రద్ధాలోపము కాదు, శాస్త్రమర్యాద.

అట్లే మఱియొక వైపున, పంచమికి ఉత్తరము పూర్తిగా దొరకిననాడు చతుర్థి దానంతట నదియే సమసిపోవుననుటయు పొరపాటే. ఒరగల్లు కుండలమును గూర్చి చెప్పలేదు గనుక కుండలమే లేదనుట ఎట్టిదో ఇదియు అట్టిదే.

మఱి మన శాస్త్రములు చతుర్థికి సులభముగా ఉత్తరము చెప్పినవా? అదియు లేదు. సృష్టి యెచ్చటనుండి వచ్చెనో పరమాకాశమున నున్న అధ్యక్షుడైనను ఎఱుగునో ఎఱుగడో యను సందేహముతో ఋగ్వేదమున నాసదీయసూక్తము ముగియును. సృష్టికర్తయైన ఈశ్వరుని ఒప్పుకొనకయే సాంఖ్యులును, మీమాంసకులును వైదికులై నిలిచిరి. ప్రయోజనము లేక ఎవడును పని చేయడు గదా, పూర్ణకాముడైన ఈశ్వరుడేల సృజించునని బ్రహ్మసూత్రములు తామే ఆక్షేపణ చేసికొని, అది లీలయని సమాధానపడినవి. లీల యనగా వెలితిని తీర్చుకొనుటకు చేయు పని కాదని భావము. ఆ వెంటనే, ఒకనికి సుఖము ఒకనికి దుఃఖము కల్పించు ఈశ్వరుడు పక్షపాతియు, నిర్దయుడును కాడా యను ప్రశ్నయు వేసినవి. ఆనీ తండ్రిని బాధించిన ప్రశ్న ఇదియే. జీవుల కర్మముననుసరించియే ఫలమని సూత్రకారుల ఉత్తరము. అయితే బిడ్డను గోల్పోయినవాని యెదుట ఈ సూత్రమును పాఠముగా అప్పగించుట పాండిత్యము కాదు. విశ్వాసము సడలినవానిని నిందింపక ముందు, అది ఏ శోకమున సడలినదో అడిగి తెలిసికొనుట ఆస్తికుల ధర్మము.

అట్లైనచో "కొఱకు" అనుదానికి ఉత్తరమెక్కడ? నిత్యపూజలో చెప్పు సంకల్పమే దీనిని చూపుచున్నది. సంకల్పమున మొదట యుగము, సంవత్సరము, తిథి, వారము, తానున్న దేశము చెప్పుదురు. ఇవన్నియు గణించి తెలియదగినవి. జ్యోతిర్గణితము తప్పైనచో దిద్దుకొనదగినవి. చివర "ప్రీత్యర్థము" అని చెప్పుదురు. ఇది ఏ పంచాంగమునందును ముద్రింపబడి యుండదు. కర్త తన నోట తాను పలుకవలెను. జీవప్రయోజనము జీవకణమున వ్రాయబడియుండి చదువుకొనదగినది కాదు. జీవించువాడు సంకల్పించి సమర్పింపవలసినది. భక్తుడు దానిని భగవత్ప్రీతికై సమర్పించును. మతమును విడిచినవాడును ఏదో యొక "కొఱకు" లేక బ్రదుకలేడు. చర్చికి పోవుట మానిన డార్విన్ తన గ్రామమున చర్చి పక్షమున సాగిన పేదల సహాయనిధికి లెక్కలు చూచుట మానలేదు.

పైన చెప్పిన హాల్డేన్ కథ ఇంకను సమీపమైనది. మతవిశ్వాసము లేని ఆ శాస్త్రజ్ఞుడు 1957లో భారతదేశమునకు వచ్చి, 1961లో ఇచ్చటి పౌరుడై, 1964 డిసెంబరు 1న భువనేశ్వరమున మరణించెను. జీవము వేడినీటిలో పుట్టియుండునని చెప్పిన ఆయన, తన దేహము కాకినాడ రంగరాయ వైద్య కళాశాలలో చదువునకు ఉపయోగపడవలెనని మరణశాసనమున కోరెను. దేహము దేని వలన వచ్చినదో ఆయన శాస్త్రము కొంత చెప్పినది. అది దేని కొఱకు కావలెనో శాస్త్రము చెప్పలేదు; ఆయనయే చెప్పెను. వృత్రసంహారమునకై తన యెముకలనిచ్చిన దధీచిని కొనియాడు జాతికి ఆ కోరిక కొత్తది కాదు.

కావున మతమును విడిచి విజ్ఞానము నాశ్రయించినవానితో ఆస్తికులు కలహింప పనిలేదు. "వలన" యను ప్రశ్నను అతనితో కూడి విచారింపవచ్చును. "కొఱకు" అను ప్రశ్నను మాత్రము ముందుగా ఎవరికి వారే వేసికొనవలెను. ప్రతిదినము సంకల్పము చెప్పువాడు ఆ చివరి మాటను పెదవులతోనే పలుకుచున్నాడో, బ్రదుకుతో పలుకుచున్నాడో తన్ను తాను పరీక్షించుకొనుగాక. స్వస్తి.