మెమో ఇచ్చే ముందు అడగాల్సిన ప్రశ్న

మూడో సంవత్సరం వేసవిలో హైదరాబాద్ శివార్లలోని ఒక చిన్న మెషిన్ షాపులో నెల రోజులు ఇంటర్న్‌షిప్ చేశాను. అక్కడ లేత్ మీద ఒక పెద్దాయన పనిచేసేవారు. చెయ్యి తిరిగిన పనివాడని అందరూ చెప్పేవాళ్ళు. కానీ నేను చూసిన నెలలో ఆయన రోజూ అరగంట ఆలస్యంగా వచ్చేవారు, టీ బ్రేక్ సాగదీసేవారు, గంటలో అయ్యే పనికి రెండు గంటలు తీసుకునేవారు.

ఏ మెషిన్ ఎంతసేపు ఖాళీగా ఉంటోందో రాయమని సూపర్‌వైజర్ నాకు పని అప్పజెప్పారు. ఆ రిపోర్టులో 'కారణం' అనే గడిలో ఆయన లేత్ ఎదురుగా "ఆపరేటర్ నిర్లక్ష్యం" అని రాసేశాను. వారం తిరక్కుండానే ఆయనకి మెమో వచ్చింది. సాయంత్రం నా దగ్గరికొచ్చి, "టైమంతా కరెక్టే రాసినవు బాబూ. ఎందుకని ఒక్కసారన్న అడగకపోతివి" అన్నారు. అంతే, ఇంకేం అనలేదు.

తర్వాత మిగతావాళ్ళు చెప్పారు. మూడు నెలల క్రితం నైట్ షిఫ్ట్ అలవెన్స్ తీసేశారట. నోటీసు బోర్డు మీద కాగితం తప్ప, ఎందుకు తీసేశారో ఎవరూ చెప్పలేదట.

ఫైనల్ ఇయర్‌లో ఆర్గనైజేషనల్ బిహేవియర్ ఎలెక్టివ్ తీసుకున్నాక ఈ సంగతికి ఒక పేరుందని తెలిసింది. వర్క్‌ప్లేస్ డీవియన్స్. అంటే పనిచేసే చోట అందరూ పాటించాల్సిన పద్ధతుల్ని కావాలనే దాటి, సంస్థకో తోటివాళ్ళకో నష్టం చేయడం. ఇక్కడ 'కావాలనే' అన్న మాట ముఖ్యం. తెలియక చేసిన పొరపాటు దీని కిందకి రాదు.

1995లో శాండ్రా రాబిన్సన్, రెబెక్కా బెన్నెట్ అనే పరిశోధకులు దీన్ని నాలుగు రకాలుగా విడగొట్టారు. నష్టం సంస్థకా, మనిషికా? చిన్నదా, పెద్దదా? ఈ రెండు ప్రశ్నలతోనే.

1. సంస్థకి చిన్న నష్టం: త్వరగా వెళ్ళిపోవడం, కావాలని నెమ్మదిగా చేయడం.
2. సంస్థకి పెద్ద నష్టం: దొంగతనం, మెషిన్లు పాడుచేయడం, లంచాలు.
3. మనుషులకి చిన్న నష్టం: పుకార్లు, పక్షపాతం, తప్పు పక్కవాడి మీదకి నెట్టడం.
4. మనుషులకి పెద్ద నష్టం: తిట్లు, లైంగిక వేధింపులు, తోటివాళ్ళని ప్రమాదంలో పడేయడం.

పనిచేసిన గంటల గురించి అబద్ధం చెప్పడాన్ని వాళ్ళు రెండో రకంలో, దొంగతనం పక్కనే పెట్టారు. ప్రాక్సీలు వేసే మిత్రులు గమనించగలరు!

మరి మంచి పనివాడు ఇలా ఎందుకు మారతాడు? దీనికి జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ 1990లో ప్రచురించిన అధ్యయనం నాకు బాగా గుర్తుండిపోయింది. అమెరికాలో ఒకే కంపెనీకి చెందిన మూడు ప్లాంట్లు. కాంట్రాక్టులు పోవడంతో రెండింటిలో 10 వారాలపాటు జీతాలు 15 శాతం కోశారు. ఒకచోట లెక్కలు చూపించి, తమకూ బాధగానే ఉందని చెప్పి, ప్రశ్నలకి ఓపిగ్గా జవాబులిచ్చారు. రెండోచోట ముక్తసరిగా చెప్పి వెళ్ళిపోయారు. మూడో ప్లాంటులో కోత లేదు. కోత పడ్డ రెండు చోట్లా దొంగతనాలు పెరిగాయి, కానీ ముక్తసరిగా చెప్పినచోట పెరిగింది చాలా ఎక్కువ. జీతాలు మామూలయ్యాక దొంగతనాలూ తగ్గాయి.

రెండు ప్లాంట్లలోనూ కోత ఒక్కటే, చెప్పిన తీరే వేరు. మనిషి ఎంత వచ్చిందో ఒక్కటే చూడడు. ఎలా నిర్ణయించారు, తనకి ఎలా చెప్పారు అన్నవి కూడా చూస్తాడు.

రేపు మనలో చాలామంది టీమ్ లీడ్‌లు అవుతాం. అప్పటికి పనికొస్తాయని నేను రాసుకున్నవి ఇవి:

ముందు జరిగింది మాత్రమే రాయాలి. "15 రోజుల్లో 9 సార్లు ఆలస్యం" అన్నది రికార్డు, "నిర్లక్ష్యం" అన్నది మన తీర్పు. తర్వాత నలుగురిలో కాకుండా విడిగా కూర్చోబెట్టి అడగాలి. ఒక్కడే దారి తప్పితే అతనితో మాట్లాడాలి, షిఫ్ట్ మొత్తం తప్పుతుంటే రూలునే ఒకసారి చూసుకోవాలి. ఇవన్నీ అయ్యాకా మారకపోతే అప్పుడు మెమో, విచారణ. అందులోనూ అతని జవాబు వినాలి.

అన్నిటికీ ఈ ఓపిక పనికిరాదు. వేధింపుల విషయంలో "ఏదో కష్టంలో ఉన్నాడులే" అని సర్దిచెప్పడం బాధితులకి రెండో అన్యాయం. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులకి అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. అలాంటివి నేరుగా అక్కడికే వెళ్ళాలి.

ఆ పెద్దాయన చేసింది ఒప్పని నేననను. ఆలస్యం ఆలస్యమే. కానీ ఆయన మెమో వెనక నేను రాసిన రెండు మాటలున్నాయి. ఆ గడిలో నిజాయితీగా రాయాల్సింది "తెలియదు, అడగాలి" అని. ఆయన లేత్ నా టేబుల్‌కి పది అడుగుల దూరంలోనే ఉండేది.