మూడు వారాల విదేశీ చదువు: పాలమూరు ప్రశ్న పట్టుకెళ్తేనే ఫలితం

అచ్చంపేటలో బీఏ చదివే విద్యార్థి లండన్‌కో వియన్నాకో మూడు వారాలు వెళ్లి చరిత్ర, సంస్కృతి, సైకాలజీ చదివొస్తే ఉద్యోగం వస్తుందా? రాదు. ఈ మాట ముందే అనేసుకుంటే మిగతాది మాట్లాడుకోవడం తేలిక. సమ్మర్ స్కూల్ సర్టిఫికెట్ చూసి ఎవరూ కౌన్సెలర్ ఉద్యోగం ఇవ్వరు. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కోర్సు చదివి, అక్కడ పేరు నమోదు చేయించుకోవాల్సిందే.

అయినా వెళ్లినవాళ్లకు లాభం ఉంది. పీజీ సీటుకో ఫెలోషిప్‌కో మ్యూజియంలోనో స్వచ్ఛంద సంస్థలోనో పనికో దరఖాస్తు పెట్టినప్పుడు, ఈ అభ్యర్థికి తనదంటూ ఒక ప్రశ్న ఉందని, దాని వెంట పడి కొంతదూరం వెళ్లొచ్చాడని అవతలివాళ్లకు తెలుస్తుంది. ఆ ప్రశ్న లేకుండా పోతే మిగిలేది ఫోటోలే.

ప్రశ్న పట్టుకుని దూరం వచ్చిన మనిషి మన దగ్గరే ఒకరుండేవారు, కాకపోతే ఎదురు దిక్కు నుంచి. వియన్నాలో పుట్టి, అక్కడి విశ్వవిద్యాలయంలోనే చదివిన క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో హైదరాబాద్ సంస్థానంలో ఉండిపోవాల్సి వచ్చింది. 1940లో ఆయన అమ్రాబాద్ పీఠభూమి మీది చెంచుల మధ్య ఉండి, వాళ్ల జీవితం గురించి రాసిన పుస్తకం 1943లో అచ్చయింది. తర్వాత లండన్‌లోని సోయాస్ విద్యాసంస్థలో ప్రొఫెసర్ అయ్యారు. ఆయన తీసిన ఫోటోలు, రాసుకున్న డైరీలు ఇప్పుడు ఆ సంస్థ గ్రంథాలయంలో ఉన్నాయి. మన్ననూరు పిల్లవాడు లండన్ వెళ్తే వాళ్ల ముత్తాతల కాలపు చెంచు పెంటల (గూడేల) బొమ్మలు చూడొచ్చన్నమాట. అలా చూడాలంటే వెళ్లే ముందే గ్రంథాలయానికి ఉత్తరం రాసి అపాయింట్‌మెంటు తీసుకోవాలి. టూరు ప్యాకేజీలో ఇది ఉండదు.

సైకాలజీ వైపు చూద్దాం. పాలమూరు వలస గురించి మీకు నేను చెప్పేదేముంది? కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు పారిన ఊళ్లలో కొంత తగ్గినా, తండాల్లో ఇప్పటికీ అమ్మానాన్న ముంబైకో పుణెకో పోతే పిల్లలు నానమ్మ దగ్గరో సీజనల్ హాస్టల్లోనో ఉంటున్నారు. ఇలాంటి ఎడబాటే ఒకప్పుడు లండన్ పిల్లలకూ ఎదురైంది. 1939 సెప్టెంబరు తొలి రోజుల్లోనే బ్రిటన్ నగరాల నుంచి దాదాపు 15 లక్షల మందిని పల్లెలకు తరలించారు. వాళ్లలో ఎక్కువమంది తల్లిదండ్రులను విడిచి వెళ్లిన బడిపిల్లలు. ఆ యుద్ధకాలంలోనే ఫ్రాయిడ్ కూతురు అన్నా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగ్‌హామ్‌తో కలిసి హాంప్‌స్టెడ్‌లో శిశుసంరక్షణ కేంద్రాలు నడిపారు. బాంబుల భయం కంటే తల్లికి దూరం కావడమే పసివాళ్లను ఎక్కువ కుంగదీస్తోందని వాళ్లు గమనించి రాశారు. అన్నా 1982లో చనిపోయేదాకా ఉన్న ఇల్లు ఇప్పుడు ఫ్రాయిడ్ మ్యూజియం. తండాలో నానమ్మ దగ్గర పెరుగుతున్న పిల్లల గురించి నాలుగు పేజీలు రాసుకుని ఆ గుమ్మం ఎక్కిన విద్యార్థి చూసేదీ, ఫ్రాయిడ్ సోఫా ముందు సెల్ఫీ దిగే విద్యార్థి చూసేదీ ఒకటే గది కాదు.

స్కాలర్‌షిప్ దరఖాస్తుతో అడిగే ఒక పేజీ ఉత్తరంలో ఈ తేడా వెంటనే తేలిపోతుంది. 'ఐరోపా ఘన సంస్కృతిని తెలుసుకోవాలన్నది నా చిన్ననాటి కల' అని మొదలుపెడితే చదివేవాళ్లు రెండో వాక్యం దాకా రారు. 'మా బల్మూరు మండలంలో తల్లిదండ్రులు వలస వెళ్లిన పన్నెండు మంది పిల్లలతో మాట్లాడాను. రాత్రిపూట ఫోను ఎప్పుడు మోగుతుందా అని ఎదురుచూడటం గురించి అందరూ చెప్పారు' అని మొదలుపెట్టి చూడండి. ఇంగ్లిష్ కొంచెం తడబడినా పర్వాలేదు. అయితే ఆ పన్నెండు మందితో నిజంగా మాట్లాడి ఉండాలి, ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఉండాలి, పిల్లల పేర్లు బయటపెట్టకూడదు.

ఇక డబ్బు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ వేసవి కోర్సు ఒక్కో విడత మూడు వారాలు. ఫీజే లక్షల్లో ఉంటుంది. విమానం, గది, తిండి కలిపితే ఇంకా పెరుగుతుంది. దీనికోసం పొలం తాకట్టు పెట్టొద్దు, ఎవరు చెప్పినా సరే. రాష్ట్ర ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీలకు ఇచ్చే అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు ఇచ్చే జ్యోతిబా ఫులే విద్యానిధి 20 లక్షల దాకా ఇస్తాయి కానీ అవి విదేశాల్లో పీజీ చేసేవాళ్లకు, మూడు వారాల కోర్సులకు కాదు.

ఖర్చు తగ్గే దారి జర్మనీది. డాడ్ అనే జర్మన్ సంస్థ అక్కడి విశ్వవిద్యాలయాల వేసవి కోర్సులకు స్కాలర్‌షిప్ ఇస్తుంది. అవి ప్రధానంగా జర్మన్ భాష, సంస్కృతి కోర్సులు. డిగ్రీ రెండేళ్లు పూర్తయి ఉండాలి, జర్మన్ కనీసం ఏ2 స్థాయిలో రావాలి. గడువు సాధారణంగా డిసెంబరు మొదట్లోనే ముగుస్తుంది. హైదరాబాద్‌లో గోథె జెంట్రుమ్, ఇఫ్లూ ఈ భాష నేర్పుతాయి. సైకాలజీ మీద మనసున్నవాళ్లకు ఇంకో ఆకర్షణ ఉంది. విల్‌హెల్మ్ వుంట్ 1879లో తొలి సైకాలజీ ప్రయోగశాల పెట్టింది జర్మనీలోని లైప్‌జిగ్‌లోనే.

పెద్ద విశ్వవిద్యాలయం పేరు చెప్పి, ఆ ఊళ్లో ఒక హాలు అద్దెకు తీసుకుని, రంగుల సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపే ఏజెన్సీలున్నాయి. కోర్సు వివరాలు విశ్వవిద్యాలయం సొంత సైట్‌లో కనిపించాలి, ఫీజు దాని ఖాతాకే వెళ్లాలి, చివర పరీక్షో వ్యాసమో పెట్టి మార్కులతో ట్రాన్స్‌క్రిప్ట్ ఇవ్వాలి. ఈ మూడింట్లో ఒక్కటి తగ్గినా అది విహారయాత్రే. విహారయాత్ర తప్పేమీ కాదు, రెజ్యూమెలో చదువు కింద రాయకపోతే చాలు.

వీసా దగ్గర పల్లె పిల్లలు తడబడేది బ్యాంకు స్టేట్‌మెంటుతో. నాన్నకు జీతం చీటీ ఉండదు. పంట డబ్బు పడిన ఎంట్రీలు, పట్టాదారు పాస్‌బుక్, ఖర్చు భరించే బంధువు ఉంటే ఆయన ఆదాయపన్ను రిటర్నులు ముందే పోగేసుకోవాలి. ఆఖరి వారంలో ఖాతాలో ఒక్కసారిగా లక్షలు వేయిస్తే అధికారికి అనుమానం వస్తుంది. జర్మనీ, ఆస్ట్రియాలకు షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, 30 వేల యూరోలకు తగ్గని వైద్య బీమా తప్పనిసరి.

ఇవన్నీ కుదరకపోతే? హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ 1998 నుంచి విదేశీ విద్యార్థుల కోసం స్టడీ ఇన్ ఇండియా ప్రోగ్రాం నడుపుతోంది. వాళ్లు ఇక్కడికి వచ్చి ఏం అడుగుతారో, ఎలా రాసుకుంటారో అక్కడ చదివే మనవాళ్ల ద్వారా తెలుసుకోవచ్చు. మాసబ్ ట్యాంక్‌లోని గిరిజన మ్యూజియం ఒక పూట పని. మీ మండలంలో వలస పిల్లలతో మాటలు ఈ దసరా సెలవుల్లోనే మొదలుపెట్టొచ్చు. పక్కనే జర్మన్ కూడా ఆరంభిస్తే, వచ్చే ఏడాది డిసెంబరు గడువుకు భాష, ఉత్తరం రెండూ చేతిలో ఉంటాయి.