యుద్ధమొచ్చిన ఏడు ఆడిన జట్టు

డిగ్రీ కాలేజీలో పీడీగా చేసి రిటైరైనవాణ్ణి. పిల్లల్ని వెంటేసుకుని టోర్నమెంట్లకు తిరగడంలోనే నా ఉద్యోగమంతా గడిచింది. ఇప్పుడు నార్త్ కరోలినాలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. దగ్గర్లోనే డర్హమ్‌లో డ్యూక్ యూనివర్సిటీ స్టేడియం ఉంది. 1942 రోజ్ బౌల్ అనే కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగింది అక్కడే. ఇది మన ఫుట్‌బాల్ కాదు, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికా ఆట. అయినా ఆ యుద్ధకాలపు జట్ల కథ చదువుతుంటే, నేను నా ఉద్యోగంలో నమ్ముకున్న మాటలే మళ్లీ ఎదురయ్యాయి. నా తర్వాత పీడీలుగా వచ్చిన తమ్ముళ్ల కోసం రాస్తున్నాను.

1. ఆట ఆపే ముందు, ఇంకోచోట ఆడించగలమేమో చూడండి. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్‌ మీద జపాన్ బాంబులు వేసింది. జనవరి 1న కాలిఫోర్నియాలోని పాసడీనాలో ఆ రోజ్ బౌల్ మ్యాచ్ జరగాలి. పశ్చిమ తీరంలో అంత జనం ఒక్కచోట చేరకూడదని సైన్యం అభ్యంతరం చెప్పింది. డ్యూక్ తన స్టేడియం ఇస్తానంది. పక్క యూనివర్సిటీల నుంచి బెంచీలు అడిగి తెచ్చి వేశారు. చలిలో, వానలో 56,000 మంది వచ్చారు. ఆ సీజన్లో అప్పటిదాకా ఓడని డ్యూక్‌ను ఒరెగన్ స్టేట్ 20-16తో ఓడించింది.

2. బెంచీ మీదివాణ్ణీ సిద్ధం చేయండి. 1943లో నోటర్ డేమ్ యూనివర్సిటీ జట్టు క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపించే ఆటగాడు) ఏంజెలో బెర్టెల్లి ఆరు మ్యాచులాడి మెరైన్ శిక్షణకు వెళ్లిపోయాడు. జానీ లుజాక్ అతని స్థానంలోకి వచ్చాడు. జాతీయ చాంపియన్‌గా నిలిచింది ఆ జట్టే.

3. ఎదుటి జట్టును ద్వేషించడం నేర్పకండి. డ్యూక్ ఆటగాడు చార్లెస్ హేన్స్ ఇటలీ యుద్ధరంగంలో గాయపడి పడిపోతే, అతణ్ణి మోసుకొచ్చి బతికించినవాడు ఫ్రాంక్ పార్కర్. అతను ఒరెగన్ స్టేట్ తరఫున ఆడినవాడు.

4. జట్టులోవాణ్ణి జట్టులోవాడిగానే ఉంచండి. నా మనసును పట్టుకున్నది ఇదే. ఒరెగన్ స్టేట్‌లో జాక్ యోషిహారా అనే కుర్రాడుండేవాడు. జపాన్‌లో పుట్టి, పసితనంలోనే అమెరికా వచ్చాడు. డర్హమ్ ప్రయాణానికి జట్టు సిద్ధమవుతుంటే ఎఫ్‌బీఐ వాళ్లు ప్రాక్టీసు దగ్గరికే వచ్చి, అతను వెళ్లడానికి వీల్లేదన్నారు. తోటివాళ్లు రైలెక్కారు, అతను ఉండిపోయాడు. కొన్ని నెలలకు ఐడహోలోని మినిడోకా నిర్బంధ శిబిరానికి పంపారు. ఆ రోజుల్లో అలా శిబిరాల పాలైన జపాన్ సంతతివాళ్లు దాదాపు 1,20,000 మంది. వాళ్లలో మూడింట రెండు వంతుల మంది అమెరికా పౌరులే.

గెలుపు గుర్తుగా ఇచ్చే రోజ్ బౌల్ ఉంగరం అతని చేతికొచ్చింది 1985లో. యూనివర్సిటీ గౌరవ పట్టా ఇచ్చింది 2008లో. ఎఫ్‌బీఐ వాళ్లను ఒక కోచ్ ఆపలేడు, ఒప్పుకుంటాను. ఉంగరం ఇవ్వడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. గెలిచిన జట్టు తిరిగొచ్చిన నాడే ఇచ్చి ఉండాల్సింది.

తమ్ముళ్లూ, మీ జాబితాలో ఉన్న పిల్లవాణ్ణి ఆటతో సంబంధం లేని కారణంతో ఎవరైనా ఆపేస్తే, ముందు గట్టిగా అభ్యంతరం చెప్పండి. ఆపలేకపోతే, గ్రూప్ ఫోటో కింద అతని పేరు రాయించండి, సర్టిఫికెట్ ఇప్పించండి. ఆ ఏడే ఇప్పించండి.