యంత్రం ఒకటే, రాతలు రెండు

పిల్లలూ! మన రాజాం సంతలో ఆనపకాయ అని అడిగి కొనేదాన్నే హైదరాబాదులో సొరకాయ అంటారు. పేరు మారినంత మాత్రాన కాయ మారదు. కంప్యూటర్ల లోకంలోనూ ఇలాంటి చిత్రం ఒకటి ఉంది.

కంప్యూటరుకు తెలిసినవి 0, 1 అనే రెండు అంకెలే. ఆ అంకెల వరుసలే యంత్రభాష. వాటిని గుర్తుపెట్టుకోవడం మనకు కష్టం. అందుకని ఒక్కొక్క ఆజ్ఞకు ఒక పొట్టిపేరు పెట్టారు. ఆ పేర్లతో రాసేది అసెంబ్లీ భాష. దానిని తిరిగి అంకెలుగా మార్చే ప్రోగ్రామును అసెంబ్లర్ అంటారు.

1974లో ఇంటెల్ సంస్థ 8080 మైక్రోప్రాసెసర్‌ను విడుదల చేసింది. దాని రూపశిల్పులలో ఒకరైన ఫెడెరికో ఫాజిన్ తరువాత జైలాగ్ సంస్థను నెలకొల్పాడు. ఆ సంస్థ 1976లో జెడ్80ని తెచ్చింది. 8080 కోసం తయారైన యంత్రభాషా ప్రోగ్రాములు దాదాపు అన్నీ దీనిపై నడుస్తాయి. కాని ఆజ్ఞల పేర్లు మాత్రం వేరు!

ప్రాసెసరులో సంఖ్యలను ఉంచుకునే చిన్న చిన్న గదులుంటాయి. వాటిని రిజిస్టర్లు అంటారు. 'బి' గదిలోని సంఖ్యను 'ఎ' గదిలోకి నకలు చేయాలనుకుందాం.

ఇంటెల్ రాత: మూవ్ ఎ, బి
జైలాగ్ రాత: ఎల్‌డి ఎ, బి
యంత్రం చదివేది: 01 111 000

మూడవ వరుసను విడదీసి చూడండి. 01 అంటే 'నకలు చెయ్యి'. 111 చేరవలసిన 'ఎ' గది. 000 బయలుదేరే 'బి' గది. పైన ఏ పేరు రాసినా యంత్రానికి అందేది ఇదే.

పేరు మారితే పెద్ద చిక్కు లేదు. వరుస మారితేనే చిక్కు. తరువాత వచ్చిన ఇంటెల్ ప్రాసెసర్లకు రెండు రకాల రాతలు వాడుకలో ఉన్నాయి. ఇంటెల్ రాతలో చేరే చోటు ముందు వస్తుంది. యూనిక్స్‌తో వ్యాపించిన ఎ.టి. అండ్ టి. రాతలో బయలుదేరే చోటు ముందు వస్తుంది.

"సీత రాముడికి పండు ఇచ్చింది", "రాముడికి సీత పండు ఇచ్చింది" – ఎలా చెప్పినా అర్థం ఒకటే. 'కి' అనే విభక్తి మనల్ని కాపాడుతుంది. అసెంబ్లీ భాషలో విభక్తులు లేవు. పదం ఉన్న చోటే విభక్తి!

మొదటి గదిలో 5, రెండవ గదిలో 9 ఉన్నాయనుకోండి. 9ని మొదటి గదిలోకి తేవాలి. వరుస తారుమారైతే రెండింటిలోనూ 5 మిగులుతుంది, 9 చెరిగిపోతుంది. ఆ రాత కూడా చెల్లేదే కనుక అసెంబ్లర్ తప్పు పట్టదు.

అందుచేత కొత్త రాతకు మారేటప్పుడు ప్రతి ఆజ్ఞనూ మూడు ప్రశ్నలు అడగండి: ఏం పని? ఎక్కడినుంచి? ఎక్కడికి? ముందుగా ఒక్క ఆజ్ఞను తెలిసిన సంఖ్యలతో నడిపి, గదులు చూడండి. ఆ తరువాతే పెద్ద ప్రోగ్రాము రాయండి.

చేసి చూడండి: 'సి' గది గుర్తు 001. 'ఎ' గదిలోని సంఖ్యను 'సి' గదిలోకి నకలు చేసే ఆజ్ఞను అంకెలలో రాయండి.

(జవాబు: 01 001 111)