పాఠం: రంగు ఎందుకు ఆగలేదు?

పిల్లలూ, పోయిన వారం క్లాసులో మీలో ఒకరు అడిగారు: "టీచర్, మా పక్కింటి అక్క ఆన్ ఆర్బర్‌లో డాక్టర్ అవ్వడానికి చదువుతోంది. కానీ ఇంజెక్షన్ ఇవ్వడం రాదట. మరి ఏం డాక్టర్?"

మంచి ప్రశ్న. ఆ అక్క చేసేది పీహెచ్‌డీ. జబ్బు నయం చేసే డాక్టరు వేరు, పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకునే డాక్టరు వేరు. పరిశోధన అంటే ఇంకా ఎవరికీ తెలియని సంగతిని వెతికి తెలుసుకోవడం. మీ హోంవర్కుకి జవాబులు నా దగ్గర ఉంటాయి. పరిశోధక విద్యార్థి వెతికే జవాబు ఎవరి దగ్గరా ఉండదు, వాళ్ళ ప్రొఫెసరు గారి దగ్గర కూడా! అందుకే ఆ చదువుకి సుమారు ఐదేళ్లు పడుతుంది. చివర్లో తాము కనిపెట్టినదంతా రాసి ఇవ్వాలి. ఆ పుస్తకాన్ని సిద్ధాంత గ్రంథం అంటాం, మీరు థీసిస్ అంటారు.

మన ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి కారులో అరగంట పైచిలుకు వెళ్తే మిషిగన్ యూనివర్సిటీ వస్తుంది. అక్కడ కెమికల్ బయాలజీలో పీహెచ్‌డీ చేసేవాళ్ళు ఉన్నారు. తెలుగులో రసాయన జీవశాస్త్రం అందాం. మన ఒంట్లో, చెట్టులో, సూక్ష్మజీవిలో జరిగే పనులను రసాయనాల సాయంతో అర్థం చేసుకోవడం అన్నమాట.

ఇలాంటి పనిని దాదాపు వంద ఏళ్ల క్రితమే అమెరికాలో ఒక తెలుగాయన చేశారు. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు గారు.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ పరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో పాసయ్యారు. (ఇది చదివి ఎవరూ మరీ సంతోషపడకండి, స్పెల్లింగ్ టెస్టు శనివారమే!) ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బు వస్తే తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తగ్గిపోతుంది. సుబ్బారావు గారు మద్రాసులో వైద్యం చదివి, 1923 అక్టోబరులో ఓడ దిగి బోస్టన్ చేరారు.

చేతిలో డబ్బు లేదు. ఆసుపత్రిలో రోగుల బెడ్‌పాన్లు కడిగే పని కూడా చేశారు. దేశం మారితే మన సర్టిఫికెట్లకి వెంటనే విలువ రాదు. నా బీఎడ్ సర్టిఫికెట్ కూడా ఇప్పటికి సూట్‌కేసులోనే ఉంది లెండి. మళ్ళీ కథలోకి వద్దాం.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే అనే ఆయన దగ్గర సుబ్బారావు గారు పరిశోధన మొదలుపెట్టారు. వాళ్ళ ముందున్న పని వినడానికి చాలా చిన్నది: రక్తంలో భాస్వరం ఎంత ఉందో కొలవడం. భాస్వరం అంటే ఫాస్ఫరస్. మన ఎముకల్లో, పళ్ళలో, ప్రతి కణంలో ఉంటుంది. అయితే రక్తంలో చూస్తే కంటికి కనపడదు. మరి కనపడనిదాన్ని ఎలా కొలుస్తారు?

రంగుతో! రక్తం నుంచి తీసిన ద్రవంలో యాసిడ్, మాలిబ్డేట్ అనే రసాయనం కలుపుతారు. తర్వాత ఇంకో రసాయనం వేస్తే భాస్వరం ఉన్నచోట నీలం రంగు వస్తుంది. భాస్వరం ఎక్కువ ఉంటే ముదురు నీలం, తక్కువ ఉంటే లేత నీలం. భాస్వరం ఎంత వేశారో ముందే తెలిసిన ఇంకో గొట్టాన్ని పక్కన పెట్టి, రెండు రంగులూ పోల్చి చూస్తారు. ఈ పద్ధతిని వాళ్ళిద్దరూ 1925లో ప్రచురించారు. దాన్ని ఈనాటికీ ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అంటారు. అప్పటికి ఆయనకి ఇంకా డాక్టరేట్ రాలేదు!

ఇంట్లో చేసి చూడండి: నాలుగు గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోసి, ఒకదాంట్లో 1 చుక్క, తర్వాతవాటిలో 2, 4, 8 చుక్కలు నీలం ఫుడ్ కలర్ వేయండి. అయిదో గ్లాసులో మీకు తెలియకుండా అమ్మనో నాన్ననో కొన్ని చుక్కలు వెయ్యమనండి. తెల్ల కాగితం ముందు పెట్టి, ఎన్ని చుక్కలో మీరు చెప్పాలి.

ఇక అసలు సంగతి. రక్తంతో బాగా పనిచేసిన ఈ పద్ధతిని వాళ్ళు కండరం మీద వాడి చూశారు. కండరం అంటే కండ, మీరు చెయ్యి మడిచి చూపించే మజిల్. మామూలుగా అయితే నీలం రంగు కొద్ది నిమిషాల్లో వచ్చి నిలబడాలి. కండరం నుంచి తీసిన ద్రవంలో మాత్రం రంగు మెల్లిగా వచ్చింది. అంతటితో ఆగలేదు, నిమిషాలు గడిచేకొద్దీ ఇంకా ముదురుతూనే ఉంది.

మీరైతే ఏం చేసేవాళ్ళు? "ఛ, తప్పు పోయింది" అని సింకులో పారబోసేవాళ్ళా? చాలామంది అదే చేస్తారు. వాళ్ళు మాత్రం "రంగు ఎందుకు ఆగలేదు?" అని అడిగారు. భాస్వరం అంతా ఒకేసారి బయటికి రావడం లేదంటే, అది దేనికో కట్టేసి ఉండాలి. యాసిడ్ తగిలినకొద్దీ ఆ కట్టు మెల్లమెల్లగా ఊడుతోంది. దేనికి కట్టి ఉంది? వెతికితే క్రియాటిన్ అనే పదార్థం దొరికింది. రెండూ కలిసిన దాని పేరు ఫాస్ఫోక్రియాటిన్. ఈ సంగతి 1927లో సైన్స్ పత్రికలో వచ్చింది. కండరం గట్టిగా పనిచేసినప్పుడు అది తగ్గుతుంది, విశ్రాంతి ఇస్తే మళ్ళీ పెరుగుతుంది. జిమ్‌కి వెళ్ళే అన్నయ్యలు పెద్ద డబ్బాల్లో కొనుక్కునే క్రియాటిన్ ఇదే.

1929లో వాళ్ళు కండరంలో మరో పదార్థం కనిపెట్టారు. అదే ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దాన్ని కనుక్కున్నారు. ఏటీపీ ఏం చేస్తుందో అర్థం కావాలంటే ఆల్డీ కొట్టుకి వెళ్ళండి. బండి తీయాలంటే క్వార్టర్ పెట్టాలి కదా? నాన్న దగ్గర వంద డాలర్ల నోటున్నా బండి కదలదు, క్వార్టరే కావాలి. మనం తిన్న ఇడ్లీ పెద్ద నోటు లాంటిది. ఒళ్ళు దాన్ని ఏటీపీ అనే చిల్లరగా మార్చి, నడవడానికీ ఆలోచించడానికీ ఖర్చు పెడుతుంది. ఖర్చయినదాన్ని మళ్ళీ ఏటీపీగా మార్చుకుంటుంది కూడా. ఇప్పుడు ఈ లైను చదవడానికి మీ మెదడు వాడుతున్నది అదే.

1930లో ఆయనకి పీహెచ్‌డీ వచ్చింది. అదే ప్రయోగశాలలో ఆయన తర్వాత పీహెచ్‌డీ చేసిన జార్జ్ హిచింగ్స్‌కి 1988లో నోబెల్ వచ్చింది. సుబ్బారావు గారికి రాలేదని మనవాళ్ళు మీటింగుల్లో బాధపడుతుంటారు. నాకైతే బహుమతి సంగతి కన్నా, ఆగని ఆ నీలం రంగు సంగతే మీకు గుర్తుండాలని ఉంది.

హార్వర్డ్‌లో ఆయనకి శాశ్వత ఉద్యోగం దొరకలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరారు. అక్కడ ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. పాలకూర వంటి ఆకుకూరల్లో ఉండే విటమిన్ అది. స్ప్రూ జబ్బుకి అది మందు. ఆయన అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బు గుర్తుంది కదా?

తర్వాత ఆ బృందమే అచ్చం ఫోలిక్ యాసిడ్‌లా కనపడే అమినోప్టెరిన్‌ని చేసింది. కణం దాన్ని ఫోలిక్ యాసిడ్ అనుకుని తీసుకుంటుంది, కానీ దానితో పని జరగదు. తాళంలో ఇరుక్కుపోయే దొంగ తాళంచెవి లాంటిది. లుకేమియా అనే రక్త క్యాన్సర్ కణాలు పెరగాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. అందుకని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా ఉన్న 16 మంది పిల్లలకి అమినోప్టెరిన్ ఇచ్చారు. 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. కొంతకాలమే అయినా, అంతకుముందు ఆ జబ్బుకి మందే లేదు. ఆ సంగతి 1948 జూన్‌లో అచ్చయింది. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ అనే మందును డాక్టర్లు ఇప్పటికీ వాడుతున్నారు.

ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు చనిపోయారు. వయసు 53. బోస్టన్ ఓడ ఎక్కాక ఆయన మళ్ళీ ఇండియా వెళ్ళలేదు, భార్య శేషగిరి గారిని మళ్ళీ చూడలేదు. అప్పట్లో వీడియో కాల్ లేదు, ఉత్తరాలే.

మాటలు: పరిశోధన, భాస్వరం, కండరం, కణం, ప్రయోగశాల. ఒక్కో మాటతో సొంత వాక్యం రాయండి.

జవాబులు రాయండి:

1. కండరం ద్రవంలో రంగు ఎందుకు ముదురుతూ పోయింది? మీ మాటల్లో చెప్పండి.

2. మీ ఇంట్లో సీరియల్ డబ్బా మీద, బ్రెడ్ ప్యాకెట్ మీద ఫోలిక్ యాసిడ్ పేరు వెతకండి. ఎన్నింటి మీద కనపడింది?

3. మీకు తెలిసిన పీహెచ్‌డీ అక్కనో అన్ననో తెలుగులోనే అడగండి: "మీరు వెతుకుతున్న ప్రశ్న ఏమిటి? అనుకున్నట్టు జరగని ప్రయోగం ఏదైనా ఉందా?" వాళ్ళు చెప్పింది ఐదు వాక్యాల్లో రాసి శనివారం తీసుకురండి.