డైక్ వాల్వు తిప్పే ముందు

పెట్రోలు, డీజిలు నిల్వచేసే టెర్మినల్‌లో కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజు మంట గురించి చెబుతారు. సెల్‌ఫోను గేటు దగ్గర పెట్టమంటారు, ఫోమ్ ఎక్కడుందో చూపిస్తారు. చెప్పాల్సిందే. నీళ్ల గురించి కూర్చోబెట్టి చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. ట్యాంకుల చుట్టూ కట్టే డైక్ గట్టు లోపల నిలిచే వాన నీరు, ట్యాంకు అడుగున దిగే నీరు, లారీలు నింపే గాంట్రీని కడిగిన నీరు, ఇవన్నీ చివరికి షిఫ్టు ఆపరేటరు చేతికే వస్తాయి. వాల్వు తిప్పేది అతనే.

మన వైపు ఈ పనికి బరువు ఎక్కువ. హిందుస్థాన్ పెట్రోలియం వారి విశాఖ–విజయవాడ–సికింద్రాబాద్ పైపులైను 572 కిలోమీటర్ల దారిలో సూర్యాపేట మీదుగానే పోతుంది. ఇక్కడి వాగుల నీళ్లు మూసీకో పాలేరుకో చేరి, ఆఖరికి కృష్ణలో కలుస్తాయి. మూసీ కృష్ణలో కలిసే వాడపల్లి మిర్యాలగూడకు ఎంతో దూరం లేదు. 1967లో నీళ్లు వదిలిన నాగార్జునసాగర్ ఎడమ కాల్వ మీద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వరి పొలాలు బతుకుతున్నాయి. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉమ్మడి నల్లగొండను ఎంతగా కుంగదీసిందో మనకు వేరే చెప్పక్కర్లేదు. నది నీరే ఆధారమైన చోట వాగులో నూనె కలిస్తే జనానికి మరో దిక్కు ఉండదు.

నా ఉద్యోగం తొలి ఏళ్లలో ఒక డిపోలో జరిగింది చెబుతాను. రాత్రంతా వాన. తెల్లవారుజామున హెల్పరు వచ్చి, "అన్నా, డైకుల నీళ్లు మోకాళ్ల దాకా వచ్చినయి, వాల్వు తియ్యనా?" అన్నాడు. తియ్యమన్నాను. లేచి వెళ్లి చూడలేదు. పొద్దున షిఫ్టు మారింది, మూయమని చెప్పడం మరిచాను, పుస్తకంలో రాయడమూ మరిచాను. మర్నాడు ఒక ట్యాంకు ఫ్లాంజి దగ్గర కారిన డీజిలు ఆ తెరిచిన వాల్వులోంచే బయటి కాల్వలోకి పోయింది. దిగువ రైతు నారుమడి మాడిపోయింది. ఆయన అరవలేదు, గుప్పెడు నారు పీకి తెచ్చి గేటు దగ్గర నాకు చూపించాడు. ఆ రోజు నుంచీ డైక్ వాల్వు తాళం చెవి నా జేబులోనే పెట్టుకున్నాను.

డైక్ అంటే ట్యాంకు పగిలినా అందులోని సరుకు బయటికి పోకుండా ఆపే గట్టు. ఆ గట్టు లోపల ఉన్న అతిపెద్ద ట్యాంకు మొత్తం ఖాళీ అయినా పట్టాలి, దాని కొలత అదే. కాలువ వాల్వు గట్టు బయట ఉంటుంది, ఎప్పుడూ మూసే ఉండాలి, తెరిచి ఉందో మూసి ఉందో దూరం నుంచే తెలియాలి. వాన నీరు నిలిస్తే గట్టు పట్టే జాగా తగ్గిపోతుంది కాబట్టి దాన్ని వదలక తప్పదు. వదిలితే నూనె పోతుందేమోనన్న భయమూ తప్పదు. ఈ రెండింటి మధ్య ఉన్నది మీ కన్ను, మీ ముక్కు, మీ లాగ్‌బుక్కు.

లెక్క ఒకసారి చూడండి. 1 సెంటీమీటరు వాన పడితే ఎకరం నేల మీద 40 వేల లీటర్లు చేరతాయి. వాగులోకి వదిలే నీటిలో నూనె, గ్రీజు లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటకూడదని పర్యావరణ పరిరక్షణ నియమాలు చెబుతున్నాయి. ఒక లీటరు డీజిలు బరువు సుమారు 830 గ్రాములు. అంటే ఆ ఒక్క లీటరూ 83 వేల లీటర్ల నీటిని హద్దుకు చేర్చేస్తుంది. రెండెకరాల మీద పడిన ఒక సెంటీమీటరు వాన మొత్తాన్ని పాడుచేయడానికి సీసాడు డీజిలు చాలు. మంచి నీళ్లు కలిపి హద్దు లోపలికి తెస్తే సరిపోతుందని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

వాన ఆగాక కాసేపు నీటిని కదలకుండా ఉంచండి, నూనె పైకి తేలుతుంది. తర్వాత గట్టు చుట్టూ నడవండి. గాలి నూనెను ఒక మూలకు నెడుతుంది, కాబట్టి ఒకచోటే నిలబడి చూస్తే మోసపోతారు. పొలాల గట్ల పక్క నిలిచిన నీళ్లలో నూనెలా మెరిసే పొర చూసే ఉంటారు, అది ఇనుము తినే సూక్ష్మజీవుల పని. కర్రతో కదిపితే ఆ పొర పెంకులుగా విరుగుతుంది. నూనె పొర అయితే పక్కకు జరిగి మళ్లీ కలిసిపోతుంది. రాత్రిపూట మంట రాజేయని టార్చి తప్ప మరోటి వాడొద్దు. పొర లేదు, వాసన లేదు అనుకున్నాకే వాల్వు తీయండి. నీళ్లు పోయినంతసేపూ అక్కడే ఉండండి. మూశాక తీసిన సమయం, మూసిన సమయం, చూసినవాళ్ల పేరు రాయండి. వాన కురుస్తుండగా తీయమని ఎవరు ఒత్తిడి చేసినా, వాళ్ల పేరూ ఆ పుస్తకంలోనే రాయండి.

పొర కనబడితే ఆ నీరు నూనెను విడదీసే తొట్టిలోకి, అంటే మనం ఓడబ్ల్యూఎస్ అనేదాంట్లోకి పోవాలి. చాలామంది అందులో పడితే అన్నీ శుభ్రమవుతాయనుకుంటారు. అది చేసే పని ఒకటే, నీటిని నెమ్మదిగా పోనిచ్చి నూనె చుక్కలకు పైకి తేలే వ్యవధి ఇవ్వడం. కుండపోత నీటిని ఒక్కసారిగా అందులోకి తోస్తే లోపల పట్టి ఉంచిన నూనె కూడా కొట్టుకుపోతుంది. గాంట్రీని సబ్బు నీళ్లతో కడిగితే నూనె పాలలా నీటిలో కలిసిపోయి ఇక తేలదు. అందుకే ఒలికిన చోట ముందు ఇసుకో పీల్చే గుడ్డో వేసి ఎత్తాలి, కడగడం ఆ తర్వాత.

ఇప్పుడు కొత్త చిక్కు ఇథనాల్. పెట్రోలులో 20 శాతం కలుపుతున్నాం కాబట్టి టెర్మినళ్లలో ఇథనాల్ ట్యాంకులు విడిగా ఉంటున్నాయి. ఇథనాల్ నీటిలో పూర్తిగా కరిగిపోతుంది. తేలదు, రంగుల పొర రాదు, ఓడబ్ల్యూఎస్ దాన్ని పట్టలేదు. వాగులోకి పోతే సూక్ష్మజీవులు దాన్ని తింటూ నీటిలోని ఆక్సిజన్‌ను లాగేస్తాయి. ఒక లీటరు ఇథనాల్ పూర్తిగా కుళ్లాలంటే దాదాపు 2 లక్షల లీటర్ల వాగు నీటిలో కరిగి ఉన్నంత ఆక్సిజన్ కావాలి. చేపలు చచ్చి తేలాక గాని మనకు తెలియదు. ఇథనాల్ డైకు నీటిని కంటితో చూసి వదలకండి, పరీక్ష చేయించాకే వదలండి. ఇథనాల్ కలిపిన పెట్రోలు ట్యాంకు అడుగున దిగే నీటిలోనూ ఇదే ఉంటుంది, దాన్ని ఎప్పుడూ వాన కాల్వలోకి పోనివ్వొద్దు.

నమూనా తీయడంలోనూ తప్పులు చూశాను. నూనె పరీక్షకు వెడల్పు మూతి గాజు సీసా కావాలి. ప్లాస్టిక్ డబ్బాకు నూనె అంటుకుని అంకె తక్కువ వస్తుంది. సీసాను అదే నీటితో తొలిచి నింపకూడదు, మూతిదాకా నింపకూడదు. తక్కువ అంకె వస్తే అందరికీ హాయిగానే ఉంటుంది, దిగువన నీళ్లు తోడుకునే వాళ్లకు తప్ప.

తొట్టిలో తేరిన నూనె, ట్యాంకు అడుగు మడ్డి 2016 నియమాల ప్రకారం ప్రమాదకర వ్యర్థాలు. 90 రోజులకు మించి ఆవరణలో ఉంచకూడదు, అనుమతి ఉన్న రీసైక్లింగు సంస్థకే రాతపూర్వకంగా పంపాలి. ఇటుక బట్టీ వాళ్లు అడిగినా ఇవ్వడానికి లేదు.

వానాకాలం ముందే డైకు గోడల కీళ్లు, పైపులు గోడను దాటే చోట్లు చూసుకోవాలి. 2005 డిసెంబరు 11న ఇంగ్లండులోని బన్స్‌ఫీల్డ్‌లో ట్యాంకు పొంగి పేలుడు జరిగినప్పుడు గోడలు సరిగ్గా ఆ చోట్లే కారాయి. ఇంధనం, మంటలార్పిన ఫోమ్ నీరు భూగర్భ జలాల్లోకి దిగాయి. మన దగ్గర 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వరదలో కోదాడ మునిగింది, నడిగూడెం మండలంలో ఎడమ కాల్వకు గండి పడింది. అలాంటప్పుడు బయటి కాల్వ మట్టం లోపలికంటే ఎత్తుగా ఉంటుంది. వాల్వు తీస్తే నీళ్లు బయటికి పోవు, ఎదురు లోపలికే వస్తాయి. ముందు బయటి మట్టం చూడండి.

ఇంత చేసినా ఏదో ఒక రోజు నూనె గేటు దాటొచ్చు. దాచకండి. వాల్వు మూసి, కాల్వకు ఇసుక బస్తాలతో అడ్డుకట్ట వేసి, ఇన్‌ఛార్జికి చెప్పండి. ఇలాంటి ప్రమాదం జరిగితే వెంటనే కాలుష్య నియంత్రణ మండలికి తెలపాలని 1974 జల చట్టం 31వ సెక్షను బాధ్యులను ఆదేశిస్తోంది. దిగువ ఊరికి కూడా చెప్పించండి, వాళ్లు కనీసం మోటారు ఆపుకుంటారు, గొడ్లను తోలరు.

కాంట్రాక్టు మీద పనిచేసే తమ్ముళ్లకు ఒక మాట. వాల్వు తిప్పింది మీరే అయినప్పుడు తప్పు మీ మీదికే తోస్తారు, మిమ్మల్ని కాపాడేది మీరు రాసిన ఆ నాలుగు ముక్కలే. ఈ షిఫ్టు దిగే ముందే మీ డిపోలో ఒక్కో డైక్ వాల్వు దగ్గరకూ వెళ్లి, మూసి ఉందో లేదో చేత్తో తాకి చూడండి, తాళం చెవి ఎవరి దగ్గరుందో కనుక్కోండి.