పిల్లిపిల్లను ఇంటికి తెచ్చుటకు ముందు

బాలబాలికలున్న ఇంట పిల్లిపిల్లను పెంచవలెనను కోరిక పుట్టుట సహజము. మా విద్యార్థులు ఇంట ‘పిల్లి’ అనియు, వీధిలో తమిళ మిత్రులతో ‘పూనై’ అనియు, కన్నడ మిత్రులతో ‘బెక్కు’ అనియు మూడు భాషలలో దానిని ముద్దుచేయుచుందురు. ఆ కోరికను మేము కాదనము. అయితే పిల్లిపిల్ల ఆటవస్తువు కాదు. శ్రద్ధతో పెంచిన పిల్లి 12 నుండి 15 సంవత్సరములు జీవించును. అయిదవ తరగతి బాలుడు తెచ్చుకొన్న పిల్లి, అతడు చదువు ముగించి ఉద్యోగమునకు పోవునాటికిని ఇంటనే యుండవచ్చును. అప్పుడు దానిని పోషించువారు తలిదండ్రులే. కావున ఈ విషయములను వారికే విన్నవించుచున్నాము.

మొదట చూడవలసినది వయస్సు. పుట్టినప్పుడు పిల్ల బరువు సుమారు 100 గ్రాములు. కండ్లు తెరచుటకు ఒకటి రెండు వారములు పట్టును. నాలుగవ వారమున మెత్తని తిండి తిన నారంభించి, ఎనిమిదవ వారమునకు తల్లిపాలు మానును. ఎంత గట్టిగా కరవవచ్చునో, గోళ్ళు ఎప్పుడు ముడువవలెనో తల్లితోను తోబుట్టువులతోను ఆడుకొనుచునే నేర్చుకొనును. అంతకుముందే వేరుచేసిన పిల్లకు కరచుట, గీరుట అలవాటగును. రోగములును సులభముగా సోకును. కనీసము 8 వారములు నిండువరకు ఓపిక పట్టవలెను. 12 వారములైన మరింత మేలు.

అటకమీదనో, గడ్డివామి చాటుననో అరచుచున్న పిల్లలను చూచి, తల్లి విడిచిపోయినదని తలచి, మన పిల్లలు జాలితో ఎత్తుకొని వత్తురు. పిల్లి తన పిల్లలను ఏడిండ్లు త్రిప్పునను నానుడి మనకు కలదు గదా! తల్లి మేతకు పోయి యుండవచ్చును. ఒక్కొక్క పిల్లను క్రొత్తచోటికి మార్చుచుండవచ్చును. దూరమునుండి కొన్ని గంటలు కనిపెట్టి చూడవలెను. తొందరపాటు జాలి పాలుత్రాగు పిల్లకు ప్రాణాపాయమని బిడ్డలకు నచ్చజెప్పవలెను.

ఇక ఎంపిక. తల్లియొద్ద నున్నప్పుడే పగటివేళ చూచుట మంచిది. కండ్లు తేటగాను, ముక్కు శుభ్రముగాను, చిగుళ్ళు గులాబిరంగుగాను ఉండవలెను. చెవిలో కాఫీపొడివంటి నల్లని మురికి యున్నచో చెవిపురుగులుండవచ్చును. ఒడలు చిక్కి కడుపు మాత్రము ఉబ్బియున్నచో కడుపులో పురుగులుండవచ్చును. తోకక్రింద తడి, మురికి విరేచనములకు గుర్తు. మనము నేలపై కూర్చుండి వ్రేలు చాచినప్పుడు, మొదట వెనుకాడినను పిమ్మట వచ్చి వాసన చూచు పిల్ల త్వరగా మచ్చికయగును. రంగు కడపటి మాట.

ఇంటిని ముందుగానే సిద్ధపరచవలెను. ఎలుకలమందు, నాఫ్తలీను ఉండలు, ఫినాయిలు అందనిచోట నుంచవలెను. ఫినాయిలుతో తుడిచిన తడినేలపై నడచి పాదములు నాకుకొనుట పిల్లికి విషము. జ్వరమునకు మనము వేసికొను పారాసెటమాల్ మాత్ర ఒక్కటియే పిల్లిని చంపగలదు. కుట్టుదారము, పూలదారము మ్రింగినచో ప్రేవులకు అపాయము. నీళ్ళతొట్టికి మూతయు, మేడకిటికీలకు వలయు ఉండవలెను. ఒక మూల అట్టపెట్టెలో పాతగుడ్డ పరచి, దానికి దూరముగా వెడల్పైన పళ్ళెములో ఇసుక పోసి యుంచవలెను. ఆ ఇసుకనుండి మలమును ప్రతిదినము తీసివేయవలెను. గర్భిణీస్త్రీలు ఆ పని చేయరాదు.

ఆహార విషయమున మన ఇండ్లలో నొక పొరపాటు కలదు. పాలు, పెరుగన్నము చాలునని తలతురు. పిల్లి మాంసాహారి. దానికి కావలసిన టౌరిన్ అను పదార్థము ధాన్యములలోను కూరగాయలలోను లభింపదు. అది కొరవడినచో చూపు చెడునని 1975లోను, గుండె బలహీనమగునని 1987లోను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. పెద్ద పిల్లులలో పెక్కింటికి ఆవుపాలు అరగవు, నీరే పోయవలెను. శాకాహార కుటుంబములవారు చేపయో, అంగళ్ళలో అమ్ము పిల్లిమేతయో పెట్టుటకు సమ్మతింతురా యని ముందే యోచించుకొనవలెను. సమ్మతింపనిచో పిల్లిని తేకుండుటయే దానికి దయ.

తెచ్చిన వారములోనే పశువైద్యునకు చూపి, పురుగులమందు, టీకాలు వేయించవలెను. రేబీస్ టీకా సాధారణముగా 12 వారముల వయస్సున వేయుదురు. ఆడపిల్లి నాలుగైదు నెలలకే గర్భము ధరింపగలదు గాన శస్త్రచికిత్సను గూర్చియు అప్పుడే అడుగవలెను.

అన్నింటికంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. పిల్లి కరచినను, గీరినను బిడ్డ తలిదండ్రులకు వెంటనే చెప్పవలెను. పిల్లిని తీసివేయుదురను భయముచేతను, దెబ్బలు తగులునను భయముచేతను పిల్లలు దాచుదురు. బొడ్డుచుట్టు పదునాలుగు సూదులని పెద్దలు బెదరించుటయు నొక కారణము. నాటి టీకా 2005 నాటికే మనదేశమున నిలిచిపోయినది. నేడు ప్రభుత్వ ఆసుపత్రులలో చేతికే టీకా వేయుదురు. గాయమును సబ్బుతో, పారునీటితో 15 నిమిషములు కడిగి, ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. సున్నము, కారము, పసరు పూయరాదు. రేబీస్ లక్షణములు కనబడిన పిదప బ్రతుకుట దాదాపు అసంభవము. కాబట్టి పిల్లిని తెచ్చుటకు ముందు, ‘చెప్పినచో కోపింపము’ అని బిడ్డకు మాట యిచ్చి, ఆ మాట నిలుపుకొనవలెను.

కడపట నొక సూచన. పిల్లి వచ్చిన దినమే బిడ్డచేత నొక నోటుపుస్తకము తెరిపించుడు. బరువు, తిండి, టీకాల తేదులు, తగిలిన గీరులు అందులో తెలుగున వ్రాయనిండు. వారమున కొకసారి మీరు చదివి సంతకము చేయుడు. పిల్లికి మేలగును, బిడ్డకు బాధ్యత తెలియును, వీధిలో వినబడని మన భాష ప్రతిదినము చేతివ్రాతలో నిలుచును.